చిన్నదానికి గోధుమ పడదు

ఆ సోమవారం పొద్దున అనుకున్న పని చిన్నదే. కళ్లద్దాల షాపులో లెన్సులు కోసే అతను యజమానిని ఒక పూట సెలవు అడగాలి, కుక్కను పశువుల డాక్టరుకు చూపించాలి, మధ్యాహ్నానికి మిషను దగ్గరికి వచ్చేయాలి. పనిలో చేరి నాలుగు నెలలే అయింది. యజమాని పిల్లికి బిచ్చం పెట్టడు, మనిషికి సెలవివ్వడు అని కౌంటరులో కూర్చునే అక్క ముందే చెప్పింది.

"సార్, మా చిన్నదానికి గోధుమ పడట్లేదు. డాక్టరుకి చూపించాలి," అన్నాడు.

యజమాని చేతిలో ఉన్న ఫ్రేము కింద పెట్టాడు. "గోధుమేనని నీకెలా తెలిసింది?"

"బ్రెడ్డు తిన్నప్పుడల్లా ఒళ్లంతా గోక్కుంటోంది సార్. పాదాలు నాక్కుంటోంది."

"పాదాలా!"

"వీపు మీద జుట్టు కూడా రాలిపోయింది."

యజమాని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "స్కూల్లో మిగతా పిల్లలు ఏమీ అనట్లేదు కదా?"

అప్పుడు అర్థమైంది అతనికి. ఆడపిల్లకీ ఆడకుక్కకీ తెలుగులో క్రియ ఒక్కటే. 'కుక్క సార్' అంటే సరిపోయేది. కానీ కుక్క కోసమంటే సెలవు రాదు.

"స్కూలుకి పంపట్లేదు సార్."

"పూటేంటయ్యా, రోజంతా తీసుకో," అన్నాడు యజమాని.

గోధుమ పూర్తిగా మానిపించమన్నాడు పశువుల డాక్టరు. రెండు నెలలు ఒకటే రకం తిండి పెట్టాలి. ఎవరైనా జాలిపడి ఇంకో ముక్క వేశారా, కథ మళ్లీ మొదటికే.

మర్నాడు షాపులో టీతో బిస్కెట్లు రాలేదు. యజమాని ఆపించాడట. అక్క తన కూతురి పాత గౌన్లు సంచీలో పెట్టి తెచ్చింది.

"ఎన్నేళ్లు తమ్ముడూ?"

"మూడు."

"మాటలు వచ్చేశాయా?"

"మాట్లాడదక్కా. మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి."

అక్క కళ్లు తుడుచుకుంది. అతను సంచీ పుచ్చుకున్నాడు. అప్పటికి ఒక్క అబద్ధమూ ఆడలేదు. నిజాలతోనే ఇంత మోసం చేయవచ్చని అతనికి అంతకుముందు తెలియదు.

శుక్రవారం యజమాని మిషను గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయికీ గోధుమ పడదు. తొమ్మిదేళ్లు. కేకు వద్దంటే నవ్వుతారని ఎవరి పుట్టినరోజుకీ వెళ్లదు. 'నాలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా నాన్నా' అంటుంది. నాకెవరు తెలుసు? మొన్న మాత్రం ఉన్నారని చెప్పాను. ఆదివారం మీ ఇంటికి తీసుకొస్తాను."

చప్పుడులో వినబడలేదని అనడానికీ లేదు, మిషను ఆగి ఉంది. సరేనన్నాడు.

ఇంట్లో భార్య గౌన్ల సంచీ చూసి నిలదీసింది. మొత్తం విన్నది.

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి."

"ఏమని?"

"'సార్, అది కుక్క.' మూడు మాటలు."

"ఉద్యోగం పోతే?"

"పోనీ, మీ చెల్లెలి కూతుర్ని తెచ్చి కూర్చోబెడతారా?"

ఆ ఆలోచన అతనికి అప్పటికే వచ్చి వెళ్లింది. భార్య అతని మొహం చూసి అది కూడా కనిపెట్టేసింది. "ఛీ," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను ఫోను తీశాడు, పెట్టేశాడు. శనివారం కూడా అదే పని చేశాడు.

ఆదివారం గంట మోగింది. తలుపు తీసేసరికి చెప్పాల్సిన మాట గొంతులో ఉంది, కుక్క గుమ్మంలో ఉంది. ఎదురుగా యజమాని, పక్కన బియ్యప్పిండి కేకు డబ్బా పట్టుకుని అమ్మాయి.

"పాప ఏది అంకుల్?"

అతను తల దించుకున్నాడు. "ఇదేనమ్మా."

యజమాని వైపు తిరిగాడు. "సార్, అది..." అన్నాడు.

"కనబడుతోంది," అన్నాడు యజమాని.

అమ్మాయి కుక్క చుట్టూ తిరిగి వీపు మీద జుట్టు రాలిన చోటు చూసింది. "దీనికి నిజంగానే గోధుమ పడదా?"

"పడదమ్మా. ఆ మాట నిజం. తింటే రాత్రంతా గోక్కుంటుంది."

"నాకైతే కడుపునొప్పి," అని అమ్మాయి కుక్కకే చెప్పి, నేల మీద చతికిలబడి డబ్బా మూత తీసింది.

నోరు మూసుకుంటే ఆ పూటకి గండం గడిచేది. "పెట్టకమ్మా," అన్నాడు అతను. "డాక్టరు చెప్పిన తిండి తప్ప ఇంకేదీ తినకూడదు. అందరూ తింటుంటే చూస్తూ కూర్చోవాలి."

యజమాని పళ్లు బిగించాడు. అమ్మాయి మూత పెట్టేసింది. "అయితే నేనూ తినను. దానికి తోడుంటాను."

ఇద్దరూ ఏమీ తినకుండా గంటసేపు కూర్చున్నారు. అమ్మాయి తన బళ్లో ఎవరెవరు నవ్వుతారో పేరుపేరునా చెప్పింది. కుక్క విన్నది.

వెళ్లేటప్పుడు యజమాని గుమ్మంలో ఆగాడు. అతను చూపు నేల మీది నుంచి ఎత్తలేదు. "రేపట్నుంచి రావద్దంటారా సార్?"

"అనాలనే వచ్చింది నోటిదాకా. అమ్మాయి వచ్చే ఆదివారం కూడా వస్తానంటోంది. నిన్ను పనిలోంచి తీసేసి, ఏ మొహం పెట్టుకుని ఈ ఇంటి మెట్లెక్కను? షాపులో మాత్రం అందరికీ నువ్వే చెప్పు. కౌంటరు ముందు నిలబడి చెప్పు."

చెప్పాడు. అక్క వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఆ షాపులో ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని సెలవు అడిగితే, యజమాని జబ్బు సంగతి తర్వాత అడుగుతాడు. ముందు కాళ్లెన్నో చెప్పమంటాడు.