తీగలో దొంగ

"నేరాలు రెండు రకాలు. నేను ఛేదించినవి, నా దాకా రానివి," అని ప్రకటించాడు అపరాధ పరిశోధక శిరోమణి క్రీస్తుదాసు. ఆ బిరుదు తనకు తనే ఇచ్చుకున్నాడు. ప్రత్తిపాడులో వాడిది సైకిల్ రిపేరు షాపు. బడిపంతుల్ని, చిన్ననాటి స్నేహితుణ్ణి అయిన పాపానికి వాడి సంచీ మోసే యోగం నాకు పట్టింది.

ఈసారి కేసు అంకమ్మరావుగారి పత్తి మిల్లుది. ఎనభై ఎనిమిదిలో ఆయన రెండు కంప్యూటర్లు కొన్నారు. ఒకటి కాటా దగ్గర, ఇంకోటి ఆవరణ అవతలి చివర గోడౌన్లో. కాటా మీద బండి తూచి దేవకుమారి బరువు కంప్యూటర్లో కొడితే, అది తీగగుండా గోడౌనుకెళ్లి చీటీగా అచ్చవుతుంది. అయితే వెంటనే అవదు. కాసేపాగి, తీరిగ్గా అవుతుంది. ఆ మధ్యలో ఎవరో బరువు మారుస్తున్నారని అంకమ్మరావుగారి అనుమానం. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే దేవకుమారిని మానిపించేస్తానన్నారు.

ఆ పిల్ల నా దగ్గర చదువుకుంది. ఇంటిల్లిపాదీ మిరపకాయల కోతకు కూలికెళ్తుంటే, తనొక్కతే గుంటూరెళ్లి కంప్యూటరు నేర్చుకుంది. అలాంటి పిల్లకి పని పోతుందంటే, మారుమాట్లాడకుండా సంచీ భుజానేసుకుని బయల్దేరాను.

"కరెంటు మెరుపులా పరిగెడుతుంది గదా. మరి చీటీ నడిచొస్తోందేం? తీగ మధ్యలో ఎవడో కాపు కాశాడు," అన్నాడు క్రీస్తుదాసు.

దేవకుమారి ఏదో చెప్పబోయింది. అనుమానితులు నోరు విప్పితే పరిశోధన పాడవుతుందని వాడు ఆపేశాడు. భూతద్దం పట్టుకుని తీగ పొడుగునా నడిచాడు. స్తంభానికి గుద్దుకుని, దాన్ని ఊరు విడిచి వెళ్లొద్దని హెచ్చరించాడు. దేవకుమారి మళ్లీ చెప్పబోయింది, మళ్లీ ఆపేశాడు.

"ఒరేయ్, ఆ పిల్లనే అడిగితే పోలా?" అన్నాను విసుగెత్తి.

"అడిగి తెలుసుకునేవాడు డిటెక్టివ్ ఎట్టా అవుతాడ్రా?"

ఇక మారువేషమే శరణ్యమన్నాడు. పత్తి వేషం. కాటా ముందు నిలబడ్డ ఆదెయ్య బండెక్కి పత్తిలో దూరిపోయాడు. ఆదెయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అంకమ్మరావుగారు దగ్గరుండి తూయించారు. వెంకటరావమ్మ బండి అప్పటికే తూకమై ముందు వెళ్తోంది, దాని వెనకే ఇదీ కదిలింది.

నిన్నటిదాకా ఆదెయ్య బండి మిరపకాయలు తోలిందని మా శిరోమణికి తెలియదు. సగం దూరంలో పత్తి లోపల్నుంచి తుమ్ము పేలింది. ఎద్దులు బెదిరి, వెంకటరావమ్మ బండిని దాటేసి, గోడౌను గుమ్మం దాకా పరిగెత్తి ఆగాయి. క్రీస్తుదాసు ఎగిరి గోడౌను మనిషి బుల్లయ్య కాళ్ల దగ్గర పడ్డాడు.

అప్పుడే చీటీ వచ్చింది. బుల్లయ్య అలవాటు ప్రకారం ఎదురుగా ఉన్న ఆదెయ్యకిచ్చాడు. వెనకొచ్చిన వెంకటరావమ్మ, ముందు తూచింది తన బండినే గనక అది తనదని గొడవకు దిగింది. చీటీ ఇంగ్లీషులో ఉంటుందని, అది వచ్చేసరికి ఏ బండి ఎదురుగా ఉంటే ఆ బండికే ఇస్తానని, అంతకుమించి తనకేం తెలుసని బుల్లయ్య వాపోయాడు.

"అందుకేనండీ ఆలస్యం," అంది అంకమ్మరావుగారి వెంట పరిగెత్తుకొచ్చిన దేవకుమారి. "మొదట్లో మీరు గుంటూరు మార్కెట్ యార్డులో ఉన్నప్పుడు చీటీ ముందొచ్చి, బండి వెనకొచ్చి, అన్నీ తారుమారయ్యాయి. ఎద్దులు ఇక్కడికి నడిచొచ్చేంతసేపు చీటీని ఆపి పంపమని కంప్యూటరుకి నేనే చెప్పాను. బరువు ఎవరూ ముట్టుకోలేదండీ."

ఇంతలో ఆదెయ్య చీటీ వచ్చింది. కాటా దగ్గర అంకమ్మరావుగారు కళ్లారా చూసిన బరువే అందులో ఉంది. ముందే చెప్పొచ్చు గదమ్మా అన్నారాయన, చిన్నబోయి.

"చెప్పనిచ్చారా అండీ?"

"రేపు పొద్దున్నే వచ్చెయ్ తల్లీ. నీ పని నీదే."

కేసు ఛేదించానని క్రీస్తుదాసు ప్రకటించాడు. దొంగ లేడని పట్టుకోవడం దొంగను పట్టుకోవడం కంటే కష్టమట. అంకమ్మరావుగారు వాణ్ణి ఎగాదిగా చూసి, చీటీ వైపు చూశారు. ఈ బరువులో వీడూ ఉన్నాడు, తీసేయాలన్నారు.

"ఎట్టా తీస్తారండీ?" అన్నాడు ఆదెయ్య. "కొట్టిన బరువు మారదని ఇప్పుడేగా తేలింది. తూకమయ్యాక సరుకు మీది."

అంకమ్మరావుగారు నిట్టూర్చారు. "బుల్లయ్యా, ఇతన్ని గింజ తీసే మిషన్లో వెయ్. తలకాయలో గింజ ఉందో లేదో చూద్దాం."

క్రీస్తుదాసు పరుగు లంకించుకుని, గేటు దాటేదాకా వెనక్కి చూడలేదు. పొద్దుట్నుంచీ బిగబట్టుకుని ఉన్న దేవకుమారి అప్పుడు పకపకా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.