మొదటిదా, రెండోదా?

ఆదివారం పొద్దున అద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కెమెరాకి ఒక లెన్స్ ఎంచుకోవడం, స్నానం చేసి, భోజనానికి వచ్చే చుట్టాల కోసం కుర్చీలు సర్దడం. ఇందులో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి, అది తీసి ఇంకోటి వేసి, "మొదటిది బాగుందా, రెండోది బాగుందా?" అని అడగడం ఆయన వృత్తి. అడిగీ అడిగీ, ఏది మంచిదో చెప్పవలసింది ఎప్పుడూ ఎదుటివాళ్ళే అన్న నమ్మకం ఆయన ఒంట్లో ఇంకిపోయింది. సొంతంగా ఒక్క చొక్కా ఎంచుకున్న పాపాన పోలేదు. అలాంటి మనిషి జేబులో పట్టే బుల్లి మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. దానికి లెన్స్ విడిగా ఎంచుకోవాలి. "లెన్సుల మధ్య బతికేవాణ్ణి, నాకు చెప్పాలా?" అని కెమెరాల షాపులో గొప్పగా అనేసి, బల్ల మీద రెండు లెన్సులు పెట్టేసరికి బిక్కమొహం వేశాడు. ఆ అవస్థ చూడలేక షాపాయన రెండూ ఇచ్చి ఇంటికి పంపాడు. సోమవారం ఒకటి ఉంచుకుని ఒకటి తిరిగివ్వాలి.

మొదటిది పొట్టిది. గది మొత్తాన్నీ ఒక్క ఫోటోలో ఇమిడ్చేస్తుంది. రెండోది పొడుగుది. ఎక్కడో ఉన్నవాళ్ళను కూడా ముందుకు లాక్కొస్తుంది, మొహాలు అందంగా పడతాయి. "కానీ మనిషి మరీ దగ్గరికొస్తే దీనికి ఆనదండీ. మసకగా వస్తుంది" అని షాపాయన ముందే హెచ్చరించాడు. ఆ బుల్లి కెమెరాకి దాన్ని తగిలిస్తే పిచ్చుక మెడకు సొరకాయ కట్టినట్టు ఉంది.

తీయబోయేది మామూలు ఫోటో అయితే ఇంత బాధ లేదు. ఆయన భార్యకు చిన్నప్పుడే తల్లి పోతే మేనత్త పెంచింది. ఆ మేనత్తకీ, ఆవిడకు తమ్ముడైన తండ్రికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు. ఆస్తి తగాదా కాదు. ఒకరోజు బజార్లో ఇద్దరూ ఎదురుపడి, పలకరించుకోకుండా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారట. చూసిన పుణ్యాత్ములెవరో "మీ అక్క మిమ్మల్ని దాటుకుని పోయిందేం?" అని ఈయన చెవిలోనూ, "మీ తమ్ముడు ఆగనైనా ఆగలేదేం?" అని ఆవిడ చెవిలోనూ వేశారు. రోషంలో ఇద్దరూ ఇద్దరే. ముందు అక్కే వచ్చి మాట్లాడాలని ఈయనా, తమ్ముడే రావాలని ఆవిడా బిగుసుకు కూర్చున్నారు.

"ఇద్దర్నీ భోజనానికి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది" అంది భార్య. "మాట్లాడుకోకపోతే పోయారు. నాన్నా అత్తా పక్కపక్కన ఉన్న ఫోటో ఒక్కటి నాకు కావాలండీ. మళ్ళీ ఇద్దరూ ఒక గడప తొక్కుతారన్న ఆశ లేదు."

"అలాగే. ఏది వాడమంటావు? మొదటిదా, రెండోదా?"

"నాకో చెల్లెలు లేదు కాబట్టి మన పెళ్ళయింది. ఉండుంటే మీరింకా ఆలోచిస్తూనే ఉండేవారు" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ మాట ఆయనకు గుచ్చుకుంది. ఎంచుకునే తీరాలనుకుని, తనకు తెలిసిన పద్ధతిలోనే పరీక్ష పెట్టాడు. దుకాణానికి వెళ్ళి, గోడకు తగిలించే అక్షరాల బోర్డు తెచ్చాడు. పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి, అందరూ ఒక కన్ను మూసుకుని చదివే బోర్డే. ఎదురింటి రిటైరైన టీచరమ్మను బతిమాలి దాన్ని ఆవిడ బాల్కనీలో తీగకు వేలాడదీయించాడు.

"దుప్పట్లు ఉతకడం అయ్యేదాకా ఉంచుతాను. తర్వాత తీగ నాకు కావాలి" అంది టీచరమ్మ.

తన బాల్కనీలో నిలబడి మొదటి లెన్స్‌తో ఒక ఫోటో, రెండోదానితో ఒక ఫోటో తీశాడు. రెండూ బాగానే ఉన్నాయి. అదే వచ్చిన చిక్కు. ఇంకొకరు చెబితే బాగుండుననిపించి, కింద వాటాలో ఉండే దర్జీని పైకి పిలిచి కెమెరా వెనక తెర చూపించాడు. దర్జీ తెర వైపు చూడలేదు. ఎదురింటి బోర్డు చూసి, అరచేత్తో ఒక కన్ను మూసుకున్నాడు.

"నాలుగో వరస నుంచి నాకు చీమలు కనిపిస్తున్నాయండీ" అన్నాడు నీరసంగా. "మొన్న జేబు తిరగేసి కుట్టింది ఇందుకేనన్నమాట."

దర్జీ భయపడి భార్యను పిలిచాడు. ఆవిడ వీధిలోంచి ఎవరినో పిలిచింది. కాసేపటికి బాల్కనీల మధ్య సన్నటి వీధిలో జనం తలలెత్తి, తలో కన్నూ మూసుకుని, బడిపిల్లల్లా బోర్డు చదవడం మొదలుపెట్టారు. కళ్ళ పరీక్ష ఉచితమట అని ఒకరన్నారు. కెమెరాతో కంట్లోకి చూస్తారట, చుక్కల మందు కూడా అక్కర్లేదట అని ఇంకొకరు కలిపారు. ఉచితం అన్నాక ఆరోగ్యంగా ఉన్న కళ్ళకు కూడా మసకలు కమ్ముతాయి. మెట్ల నిండా మనుషులే.

చుట్టాల కోసం ఉంచిన కుర్చీలన్నీ నిండిపోయాయి. భార్య గరిటెతో హాల్లోకి వచ్చి, చూసి, మొగుణ్ణి మూలకు లాగింది.

"వీళ్ళందర్నీ వెళ్ళిపొమ్మనండి."

"వచ్చినవాళ్ళ కళ్ళు చూడకుండా ఎలా పంపిస్తానే? దుకాణం పేరు పోదూ?"

"నా ఫోటో పోతుంది ముందు."

ఆ మాటా నిజమే. అయినా కాదనడం చేతకాని మనిషి, చేతి దీపం పట్టుకుని ఒక్కొక్కరి కంట్లోకీ చూస్తూ పోయాడు. పొడుగు లెన్స్ తగిలించిన కెమెరా మెడలో వేలాడుతూనే ఉంది. బల్ల మీద పెట్టిన పొట్టి లెన్సును ఒక లారీ డ్రైవరు తీసి కంటికి ఆనించుకున్నాడు. "నాకిది బాగుందండీ, ఇదే ఖాయం చేయండి" అని దాన్ని గుప్పిట్లో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. ఇవ్వమంటే, "నా వంతు వచ్చాక" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మామగారు వచ్చారు. ఆయన వెనకే మేనత్త వచ్చింది. బాల్కనీ తలుపు దగ్గర రెండు కుర్చీలు అప్పుడే ఖాళీ అయ్యాయి, అవి పక్కపక్కనే ఉన్నాయి. భార్య క్షణం ఆలస్యం చేయకుండా ఇద్దర్నీ వాటిలో కూర్చోబెట్టేసింది. మామగారు గోడవైపు తిరిగారు. మేనత్త తలుపువైపు తిరిగింది. వాళ్ళ తలల మీదుగా చుట్టూ ఉన్నవాళ్ళు బోర్డు అక్షరాలు గట్టిగా చదువుతూనే ఉన్నారు. పాఠం ముగిసి మళ్ళీ మొదలై, ఆ ఇద్దరి చెవుల్లోనూ పడుతూనే ఉంది.

"పెద్దాయనా, ఇక మీ వంతు" అన్నాడు దర్జీ.

"నాకెందుకయ్యా?" అన్నారు మామగారు. "మా వంశంలో కళ్ళజోడు పెట్టినవాడు లేడు. ఈ మాట అల్లుడుగారికి పెళ్ళినాడే చెప్పాను."

"చదవలేనివాళ్ళు అలాగే అంటారు" అంది మేనత్త, తలుపుతో.

మామగారు లేచి నిలబడ్డారు. అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని, గొంతు సవరించుకుని, ఎదురింటి బాల్కనీ వైపు చూస్తూ మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఎక్కడా తడబడకుండా చదివేశారు. అద్దాలాయన దర్జీ కంట్లోకి చూస్తూనే, ఈ వయసులో ఏం చూపు అని మనసులో మెచ్చుకున్నాడు.

"మూడో వరసలో 'న' మింగేశాడు" అంది మేనత్త.

"నేనా మింగింది?"

"నువ్వే. కావాలంటే విను." ఆవిడా లేచి, కుడి కన్ను మూసుకుని, మూడో వరస 'న'తో సహా అప్పజెప్పింది.

 ఎవరో ముక్కులోంచి నవ్వారు. అద్దాలాయన తల తిప్పి ఎదురింటి వైపు చూశాడు. తీగ మీద పెద్ద పెద్ద పువ్వుల దుప్పటి ఆరేసి ఉంది. దాని పక్కన టీచరమ్మ నిలబడి ఉంది.

"మీ బోర్డు ఇందాకే తీసి లోపల పెట్టేశానండీ" అంది ఆవిడ, ఇటువైపు వినబడేలా. "చదువుతున్నది దేన్నో గానీ, ఉచ్చారణ బాగుంది."

మామగారు చెయ్యి కంటి మీదే ఉంచుకుని అలాగే నిలబడిపోయారు. మేనత్త కూడా అంతే. జనం నవ్వుదామనుకుని, ఆ ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయారు.

"అక్కా" అన్నారు మామగారు. "నీకూ ఆనదా?"

"నీకు ఆనుతుందా ఏం?"

"మరి ఆ రోజు బజార్లో..."

"కనిపిస్తే పిలవనట్రా? తోడబుట్టినవాణ్ణి చూసి పలకరించకుండా పోతానా? నేను చూడలేదు సరే, నువ్వు చూసి కూడా పోయావనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను. చూపు తగ్గిందని చెప్పుకోవడం నామోషీ అనిపించింది." ఆయన నాలుగంగుళాల దూరానికి మొహం తెచ్చి అక్కను చూశారు. "జుట్టంతా తెల్లబడిపోయింది కదక్కా."

"నీకసలు జుట్టే లేదు కదరా" అంది ఆవిడ, అని తమ్ముడి బట్టతల మీద చెయ్యి వేసి నిమిరింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. భార్య గరిటె పట్టుకునే ఏడుస్తోంది.

"ఏవండీ, ఫోటో" అంది.

కెమెరాకి ఉన్నది పొడుగు లెన్స్. మనుషులేమో చెయ్యి చాస్తే అందేంత దగ్గర. వెనక్కి జరుగుదామంటే జనం. పొట్టి లెన్స్ వెనక బెంచీలో డ్రైవరు గుప్పిట్లో ఉంది. అలవాటు కొద్దీ అద్దాలాయన అందరి వైపు తిరిగి, "మొదటిదా, రెండోదా?" అన్నాడు.  అందరూ అక్కాతమ్ముళ్ళనే చూస్తున్నారు. తెచ్చి మార్చేలోగా ఆ నవ్వు ఉంటుందో లేదో. జీవితంలో మొదటిసారి ఆయన ఎవరి జవాబూ వినకుండా, చేతిలో ఉన్నదానితో నొక్కేశాడు.

జనం వెళ్ళాక, డ్రైవరు అయిష్టంగా లెన్స్ వదిలాక, తెర మీద ఫోటో చూశారు. తడి అద్దం వెనక రెండు బూడిద గుమ్మడికాయలు ఒకదానివైపు ఒకటి ఒరిగినట్టు ఉంది.  భార్య కళ్ళలో మళ్ళీ నీళ్ళు తిరిగాయి, ఈసారివి వేరే రకం. మన్నించమని చెబుదామని అద్దాలాయన నోరు తెరిచేలోగా మామగారు కెమెరా లాక్కుని, దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూశారు.

"అబ్బ, ఎంత స్పష్టంగా వచ్చిందక్కా. కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు."

"నీ నవ్వు చూడరా" అంది మేనత్త, తెరకు ముక్కు ఆనించి. "చిన్నప్పటి నవ్వే."

"ఏ లెన్సో గానీ, మంచిది ఎంచుకున్నారు అల్లుడుగారూ" అన్నారు మామగారు. ఆ ఇంటికి అల్లుడయ్యాక అద్దాలాయన విన్న మొదటి మెప్పు అది. కుదురుగా ఇంకోటి తీస్తానని ఆయన ఎంత చెప్పినా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇంత బాగా వచ్చాక ఇంకోటెందుకు అన్నారు. భార్య ఒకసారి తండ్రి మొహం, ఒకసారి అత్త మొహం చూసి, కళ్ళు తుడుచుకుని, "అవును, చాలా బాగుంది" అంది.

సోమవారం అద్దాలాయన ఎవరినీ అడగకుండా పొట్టి లెన్స్ తిరిగిచ్చేశాడు. ఫోటోకి ఫ్రేము కట్టించి మామగారింట్లో ఒకటి, మేనత్త ఇంట్లో ఒకటి తగిలించాడు.

వాళ్ళిద్దరి కళ్ళజోళ్ళు మాత్రం ఆయన దుకాణంలో ఇంకా తయారవుతూనే ఉన్నాయి.