ఆరింటి బస్సులో ఎనిమిదో నెల

సంతోషకుమారి ఆ రోజుకి వేసుకున్న ఏర్పాటు చాలా తేలికైనది. దర్శిలో ఆరింటి బస్సు ఎక్కడం, ఎనిమిదిన్నరకి ఒంగోల్లో దిగడం, పదకొండింటికి టైపు లోయర్ పరీక్ష రాయడం, చీకటిపడకముందే ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని పడుకోవడం. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండాల్సిన పనేమీ లేదు, ఆమెకి ఎనిమిదో నెల కాకపోతే.

ఆర్నెల్ల కిందట ఇదే పరీక్షకి వెళ్ళినప్పుడు ఆమెకి రెండో నెల. ఉత్తరం సగం కొట్టేసరికి పక్క మిషనుకి పూసిన నూనె వాసన కడుపులో తిప్పేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి గంట కొట్టి కాగితాలు తీసేసుకున్నారు. ఆ సగం ఉత్తరం అప్పట్నుంచీ ఆమె మనసులో మేకులా దిగబడి ఉంది. కొత్తగా పెట్టిన మండలాఫీసులో టైపిస్టు పోస్టు ఖాళీగా ఉందని తెలిశాక ఆ మేకు ఇంకాస్త లోపలికి పోయింది. ఈసారి ఆకాశం ఊడిపడ్డా ఉత్తరం ఆఖరి చుక్క దాకా కొట్టి తీరాలని నిశ్చయించుకుంది.

ఆర్నెల్లూ రోజుకో గంట ఇన్‌స్టిట్యూటుకి వెళ్ళింది. నెలనెలా పొట్ట ముందుకొస్తుంటే స్టూలు వెనక్కి జరిపేది. ఎనిమిదో నెలకి, అటక మీది డబ్బా అందుకుంటున్నట్టు చేతులు బారచాపి టైపు కొట్టడం అలవాటైపోయింది. లైను చివర గంట మోగినప్పుడల్లా లోపలి బిడ్డ ఒక్క తన్ను తన్నేది. మిగతా ఇబ్బందులకి కూడా ఆమె దగ్గర మందులున్నాయి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టకపోతే భర్త చెప్పులు వేసుకునేది. నడుం నొప్పికి చిన్న దిండు, గుండెల్లో మంటకి గాజు సీసా నిండా జీలకర్ర కాచిన నీళ్ళు. అవి రెండూ సంచిలో సర్దుకుంది. పిక్కలు పట్టేయడానికి మాత్రం మందు లేదు. అది వచ్చినప్పుడు కాలి బొటనవేలు పట్టుకుని లాక్కోవాలి, అదీ పొట్ట అడ్డం రాకుండా వంగగలిగితే.

భర్త ఇమ్మానియేలు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ రోజు బళ్ళో ఇన్‌స్పెక్షను ఉండబట్టి వెంట రాలేకపోయాడు. రాలేని దిగులంతా తీసుకెళ్ళి బస్టాండులో కండక్టరు రంజాన్ మీద పెట్టాడు.

"ఎనిమిదో నెలండీ. గోతులొస్తే నెమ్మదిగా పోనివ్వమనండి."

"అట్లాగే మాస్టారూ."

"ముందు సీట్లో అయితే కుదుపు తక్కువుంటుంది."

"కూర్చోబెట్టాగా మాస్టారూ."

"ఒకవేళ ఏదన్నా అయితే..."

"ఏమీ కాదండీ, మీరు బడికెళ్ళండి," అంది సంతోషకుమారి కిటికీలోంచి.

కానీ అప్పటికే ఏదో ఒకటి అయి తీరుతుందని రంజాన్ మనసులో గట్టిగా నాటుకుపోయింది.

బస్సు నిండా జనం. వెనక సీట్లలో మిరపకోతలు ముగించుకుని ఇళ్ళకి పోతున్న కూలీలు, పైన టాపు మీద వాళ్ళ మూటలూ, ఎవరివో మిరపకాయ బస్తాలూ. మలుపు తిరిగినప్పుడల్లా పైనించి ఘాటు దిగేది, బస్సంతా ఒక్కసారి తుమ్మేది. సంతోషకుమారి పక్కన వెంకాయమ్మ అనే పెద్దావిడ కూర్చుంది. ఒంగోల్లో కూతురింటికి వెళ్తోంది. ఆరుగురిని కని, వీధిలో పాతికమందికి పురుళ్ళు పోసిన మనిషి. చెవి మాత్రం కాస్త మందం.

"ఎన్నో నెలమ్మా?"

"ఎనిమిది నడుస్తోందండి మామ్మగారూ."

"ఒక్కదానివే బయల్దేరావా?"

"పరీక్ష ఉందండి. టైపు."

వెంకాయమ్మ ముఖం మారిపోయింది. "టైఫాయిడా? కడుపుతో ఉండగానా, తల్లీ?" అని సంతోషకుమారి నుదురు మీద చెయ్యి వేసి చూసింది. తుమ్మి తుమ్మి ఆ నుదురు వెచ్చగానే ఉంది. వెంకాయమ్మ వెనక్కి తిరిగి నాలుగు సీట్లకి వినబడేట్టు చెప్పింది, "పాపం, టైఫాయిడంట. మొగుడు ఒంటరిగా పంపేశాడు."

"టైఫాయిడు కాదండీ, టైపు," అని సంతోషకుమారి రెండుసార్లు చెప్పి, మూడోసారి ఊపిరి దండగని ఊరుకుంది.

ఏడింటికి బస్సు ఆపించుకుని తుమ్మచెట్ల చాటుకి వెళ్ళొచ్చింది. వెంకాయమ్మ కాపలాగా వెంట వెళ్ళింది. ఇంకో పావుగంటకి మళ్ళీ ఆపమంటే రంజాన్ డ్రైవరు వంక చూశాడు, డ్రైవరు రంజాన్ వంక చూశాడు. ఆ చూపులే ఆమెకి నచ్చలేదు.

పరీక్ష బెంగ తగ్గుతుందని ఆమె కళ్ళు మూసుకుని, ఒళ్ళోని సంచి మీద వేళ్ళు ఆడిస్తూ అక్షరాలు వల్లించుకోవడం మొదలెట్టింది. "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె."

వెంకాయమ్మ రంజాన్‌ని సైగ చేసి పిలిచింది. "ఇంగిలీషులో ప్రార్థన చేసుకుంటోంది. నొప్పులు మొదలైనట్టున్నాయి. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటోంది చూడు."

సరిగ్గా అప్పుడే సంతోషకుమారి కుడికాలి పిక్క రాయిలా బిగుసుకుంది. ఎన్ని రాత్రులు పట్టినా ఇంత గట్టిగా ఎప్పుడూ పట్టలేదు. ముందు కడ్డీ రెండు చేతులా పట్టుకుని, ఎంత ఆపుకుందామన్నా ఆగక, కేకేసింది. ఆ ఊపుకి సంచి జారింది, లోపలి సీసా పగిలింది. జీలకర్ర నీళ్ళు సీటు మీదా, చీర మీదా పారి, బస్సు మధ్యలోకి సన్నని కాలవ కట్టాయి.

వెంకాయమ్మ ఆ కాలవని చూసింది. "ఉమ్మనీరు పోయింది," అంది, కోర్టులో తీర్పు చదివినట్టు.

"జీలకర్ర నీళ్ళండీ మామ్మగారూ. కాలు... పిక్క పట్టింది, ఆ బొటనవేలు కాస్త లాగండి."

"మొదట అట్లాగే అంటార్లే తల్లీ."

"వాసన జీలకర్రదే వస్తోంది," అన్నాడు వెనకనించి ఒకాయన. ఆడవాళ్ళ సంగతుల్లో ముక్కు పెట్టొద్దని పక్కవాళ్ళు కసిరితే నోరు మూసుకున్నాడు.

రంజాన్ ఈల వేసి, "ఎక్కడా ఆపొద్దు, పెద్దాసుపత్రికి పోనీ," అన్నాడు. పొద్దుట్నుంచీ ఆ మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నవాడిలా అన్నాడు. చీమకుర్తి దాటాక ఎదురుగా దర్శి వెళ్ళే బస్సు వస్తే డ్రైవరు తల బయటపెట్టి, "మేష్టారి భార్యకి నొప్పులొచ్చాయి, కబురు చెప్పు," అని అరిచి సాగిపోయాడు.

"నాకు పరీక్ష ఉందండీ," అంది సంతోషకుమారి ఏడుపు గొంతుతో.

"ఆడదానికి ఇంతకంటే పరీక్షేముందమ్మా," అంది వెంకాయమ్మ, ఆమె తల నిమురుతూ.

స్టేజీలు దాటిపోతున్నాయి. దిగాల్సిన వాళ్ళు గొణిగారు, తర్వాత అరిచారు. టాపు మీదనించి ఎవరో దబదబా బాదారు. వెనక సీట్లోంచి ఒక ఆడమనిషి సన్నని గొంతుతో, "బాబూ, మా పుట్టింటి ఊరు దాటిపోయిందయ్యా," అంది.

"ప్రాణం మీదికొస్తే నీకు ఊరు కావాల్సొచ్చిందా? కూర్చో," అని కసిరింది వెంకాయమ్మ వెనక్కి తిరక్కుండానే. ఆ గొంతు మళ్ళీ వినబడలేదు.

ఎనిమిది కాకముందే బస్సు ఆసుపత్రి గేట్లోకి దూసుకుపోయి ఆగింది. ఇద్దరు ఆయాలు స్ట్రెచరు తెచ్చారు. అప్పటికి పిక్క సర్దుకుంది. సంతోషకుమారి తన కాళ్ళ మీద తనే దిగి, "నేను బాగానే ఉన్నాను," అని చెప్తుండగానే పడుకోబెట్టేశారు. నర్సు వచ్చి పొట్ట తడిమింది, తడిసిన చీర వాసన చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇది జీలకర్ర."

"అదే చెప్తున్నానండీ ఇందాకట్నుంచీ."

నర్సు రంజాన్‌ని నాలుగు దులుపుదామని బస్సు వైపు తిరిగింది. తిరిగి అక్కడే ఆగిపోయింది. వెనక తలుపు కడ్డీ పట్టుకుని, పమిట చెంగు పళ్ళ మధ్య బిగించి, ఒక మనిషి మెట్టు దిగలేక దిగుతోంది. నిండు చూలాలు. ముఖమంతా చెమట. ఇందాకటి సన్నని గొంతు ఆమెదే. టాపు మీదనించి ఒకతను మూట అక్కడే పారేసి దూకి వచ్చి ఆమెని పట్టుకున్నాడు.

సంతోషకుమారి స్ట్రెచరు మీదనించి లేచిపోయింది. ఎనిమిదో నెలలో అంత చురుగ్గా లేవగలనని ఆమెకే తెలియదు. "ఇటు, ఇటు తీసుకురండి," అని తనే చెయ్యి పట్టి ఆమెని పడుకోబెట్టింది. ఆమె పేరు జయకుమారి, అతను భర్త ఏసోబు. కాన్పుకి పుట్టింటికి బయల్దేరారు. నొప్పులు బస్సెక్కిన కాసేపటికే మొదలయ్యాయి.

"ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా," అంది సంతోషకుమారి స్ట్రెచరు పక్కన నడుస్తూ.

"మీరు అరుస్తున్నారుగా," అంది జయకుమారి నొప్పి నొప్పికీ మధ్య ఊపిరి తీసుకుని. "ఒక్క బస్సులో ఇద్దరం అరిస్తే డ్రైవరు బెదిరిపోడూ?"

తలుపు మూసుకుంది. బస్సులో తను కసిరింది ఆ గొంతునేనని గుర్తొచ్చి వెంకాయమ్మ వరండాలో బల్ల మీద కూలబడింది.

సంతోషకుమారి పేరు అప్పటికే రిజిస్టర్లో ఎక్కింది. డాక్టరమ్మ చూసి పంపితే తప్ప కదలడానికి వీల్లేదన్నారు. డాక్టరమ్మ లోపల ఉంది. తొమ్మిదయింది. పదయింది. చీర ఒంటి మీదే ఆరింది. ఎదురుగా గోడ గడియారం ముల్లు కదిలినప్పుడల్లా ఆమెకి ఆ సగం ఉత్తరం కళ్ళముందు కదిలింది. లేచి వెళ్ళిపోదామని రెండుసార్లు అనుకుంది. కానీ ఆ తలుపు వెనక నిశ్శబ్దంగా ఉంది. ఏసోబు తలుపు కేసి చూస్తూ, మిరపకాయలు కోసి కోసి మండుతున్న చేతులతో కళ్ళు తుడుచుకుని, మంటకి ఇంకా ఏడుస్తున్నాడు. లేవలేకపోయింది. కొంగు తడిపి ఇచ్చి, "చేత్తో తుడుచుకోకండి, దీంతో తుడుచుకోండి," అంది.

పదిన్నరకి లోపల బిడ్డ ఏడ్చాడు. డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఎదురుకాళ్ళ కాన్పు. మగబిడ్డ. తల్లీ బిడ్డా క్షేమం. ఊళ్ళో మంత్రసాని చేతికి వెళ్ళుంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు," అని ఏసోబుతో చెప్పి, సంతోషకుమారి కేసి తిరిగింది. "నీకేమైందమ్మా?"

"పిక్క పట్టిందండి."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"అదే నేనూ పొద్దుట్నుంచి అడుగుతున్నానండి."

వెంకాయమ్మ అప్పుడు లేచింది. రిక్షావాణ్ణి తనే కేకేసింది. దారి పొడుగునా వాడి వెంట పడి, గోతుల్లో నెమ్మదిగానూ మిగతా చోట్ల వేగంగానూ తొక్కించింది. పరీక్ష హాలు గుమ్మంలో ఎవరో ఒకాయన అడ్డుపడితే, "ఎనిమిదో నెల మనిషి. నీకు పుణ్యముంటుంది, తప్పుకో," అని దారి చేసి, తను అరుగు మీద కాపలా కూర్చుంది. ఒక్క నిమిషం వ్యవధి ఉంది. సంతోషకుమారి స్టూలు వెనక్కి జరుపుకుని చేతులు బారచాపింది. లోపల బిడ్డ గంట మోగినప్పుడల్లా తన్నింది. ఉత్తరం సగంలో పిక్క మళ్ళీ పట్టింది. ఆమె పళ్ళు బిగించి, మడమ నేలకేసి తన్నిపెట్టి, ఆఖరి చుక్క కొట్టాకే కళ్ళు తుడుచుకుంది.

బయటికొచ్చాక నేరుగా బస్టాండుకి వెళ్ళబుద్ధి కాలేదు. జయకుమారిని చూసి వెళ్దామని ఆసుపత్రికి వచ్చింది. వార్డులోకి అడుగుపెట్టి నిలబడిపోయింది. మంచం పక్కన ఇమ్మానియేలు, పసిగుడ్డుని రెండు చేతుల్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. జయకుమారి నిద్రలో ఉంది. ఏసోబు ఎదురుగా చేతులు కట్టుకుని వినయంగా నిలబడి ఉన్నాడు.

"అచ్చం మా నాన్న ముక్కే," అంటున్నాడు ఇమ్మానియేలు.

"ఏవండీ," అంది సంతోషకుమారి.

అతను తలెత్తాడు. ఆమె ముఖం చూశాడు, పొట్ట చూశాడు, చేతుల్లోని బిడ్డని చూశాడు. దర్శి బస్సు స్టాండుకి చేరేసరికి నొప్పుల కబురు కొడుకు పుట్టిన కబురైపోయింది. అతను ఇన్‌స్పెక్షను మధ్యలో సెలవు చీటీ పెట్టి, స్టాఫుకంతా స్వీట్లు పంచి వచ్చాడు. దర్శి బస్సులో వచ్చినామె బిడ్డ ఎక్కడని అడిగితే ఆయా తెచ్చి చేతిలో పెట్టింది.

"మరి... వీడెవరు?"

"వీడు ఏసోబుగారి కొడుకు. ఆయనే మీ ఎదురుగా ఉన్నది."

"డాక్టరుగారనుకున్నానమ్మా," అన్నాడు ఏసోబు, బిడ్డని జాగ్రత్తగా అందుకుంటూ. "పరీక్షగా చూస్తుంటే అడ్డు చెప్పలేకపోయాను."

ఇమ్మానియేలు జేబులో మిగిలిన స్వీటు పొట్లం ఏసోబు చేతిలో పెట్టాడు. తర్వాత భార్య వాచిన పాదాల కేసి చూసి, "పరీక్ష ఎలా రాశావు?" అన్నాడు.

"పూర్తిగా రాశాను," అంది సంతోషకుమారి.

నెల తిరిగాక, ఒక మంగళవారం ఉదయం, ఏ హడావుడీ లేకుండా ఆమెకి ఆడపిల్ల పుట్టింది. ఇమ్మానియేలు మళ్ళీ సెలవు చీటీ పంపాడు. ముప్ఫై రోజుల వ్యవధిలో రెండో కాన్పు ఎట్లు సంభవించినదో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెనని హెడ్మాస్టరు దాని వెనకే రాసి తిప్పి పంపాడు.