స్పీడ్ బ్రేకర్ పోస్టు

నిరుద్యోగ యువతను స్పీడ్ బ్రేకర్లుగా నియమించాలని ఎర్రకుంట మున్సిపాలిటీ తీర్మానించినప్పుడు, ఒకే ఒక్క కౌన్సిలర్ అభ్యంతరం చెప్పాడు. తన వార్డుకు తక్కువ పోస్టులు ఇచ్చారన్నది ఆయన బాధ. చైర్‌పర్సన్ తరఫున ఆమె భర్త లేచి, ఆ వార్డులో మూలమలుపులు పెంచుతామని హామీ ఇచ్చాక తీర్మానం ఏకగ్రీవమైంది. తారుకూ కంకరకూ నిధులు లేవు. యువత మాత్రం ప్రతి వార్డులోనూ కావలసినంత ఉంది.

బండారి స్వరూప సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఏళ్ల తరబడి పోటీ పరీక్షలు రాస్తోంది. ఇంటర్వ్యూలో స్పీడ్ బ్రేకర్ ఎత్తు ఎంత ఉండాలని అడిగితే చెప్పింది. పడుకుని చూపించమంటే చూపించింది. ఎక్కడ కావాలని అడిగితే బాలికల హైస్కూలు ముందు కావాలంది. కిందటేడు అక్కడే లారీ తగిలి ఒక పిల్ల కాలు విరిగింది.

చేరిన రోజు సిబ్బంది ఆమెను రోడ్డుకు అడ్డంగా పడుకోబెట్టి పసుపు, తెలుపు చారలు వేశారు. మొదట్లో ఆటోలు ఎక్కి దిగితే నడుము పట్టేసేది. ఇసుక లారీలు ఎక్కితే ఊపిరి ఆడేది కాదు. క్రమంగా అలవాటైంది. మధ్యాహ్నం తల్లి లచ్చవ్వ టిఫిన్ డబ్బా తెచ్చి పక్కనే కూర్చుని అన్నం తినిపించేది. బండ్లవాళ్లు లచ్చవ్వను తప్పించి, స్వరూప మీదుగా మర్యాదగా వెళ్లేవారు. సాయంత్రం బడి వదిలాక ఆడపిల్లలు కబుర్లాడుకుంటూ భయం లేకుండా రోడ్డు దాటుతుంటే, స్వరూపకు తన చదువు వృథా పోలేదనిపించేది. సంబంధాలు కూడా రాసాగాయి. వచ్చినవాళ్లు స్కూటర్లు దిగకుండానే పిల్లను చూసి, ఉద్యోగం కాంట్రాక్టా, పర్మినెంటా అని మాత్రం అడిగి పోయేవారు.

వానలు వెలిసేసరికి ఆమె వీపు రోడ్డుకు అతుక్కుపోయింది. ఆ సంగతి మున్సిపల్ ఇంజినీరు రాజేశ్వర్‌కు చెప్పింది. ఆయన వంగి, గోటితో గీకి చూసి, ఈ ఊళ్లో ఇంత గట్టి పని తానెన్నడూ చూడలేదని మెచ్చుకున్నాడు.

ఇన్ని ఉద్యోగాలిచ్చిన మున్సిపాలిటీని అభినందించడానికి మంత్రి వస్తున్నట్టు కబురు వచ్చింది. మంత్రి కారుకు కుదుపు తగలకూడదు కాబట్టి ఆ పూటకు స్పీడ్ బ్రేకర్లందరూ పక్కకు తప్పుకోవాలన్నారు. మిగతావాళ్లు లేచి, స్నానాలు చేసి, సభలో ముందు వరుసలో కూర్చున్నారు. స్వరూపను నలుగురు పట్టి లాగితే ఆమెతో పాటు రోడ్డు లేవసాగింది.

"లేవొస్తలేదు సార్," అంది స్వరూప. "మీరే ఏమన్న చేయుండ్రి. గని నా నౌకరి పోవద్దు."

రాజేశ్వర్ చైర్‌పర్సన్ భర్తకు ఫోన్ చేశాడు. అంతకుముందు దొరకని నిధులు ఆ గంటలో దొరికాయి. ఆమెకు అటూ ఇటూ, ఆమె మీదా తారు పోసి రోలర్ తెప్పించారు. కూతురి చెయ్యి పట్టుకుని కూర్చున్న లచ్చవ్వను కాస్త జరగమన్నారు. సర్కారు పని ఆగకూడదని ఆమె జరిగింది. మంత్రి కారు ఆ దారిన ఎంత మెత్తగా పోయిందంటే, ఆయన కునుకు కూడా చెదరలేదు. సభలో ఆయన, యువతే రేపటికి బాట అన్నాడు. చప్పట్లు మోగాయి.

మర్నాడు లచ్చవ్వ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది.

"నా బిడ్డకు కొలువు ఉన్నట్టా సారూ, పోయినట్టా?"

"పోవుడు కాదమ్మా, ప్రమోషన్ అయింది," అన్నాడు రాజేశ్వర్. "స్పీడ్ బ్రేకర్ కాంట్రాక్టు. రోడ్డు పర్మినెంటు."

లచ్చవ్వ వాడంతా దూద్ పేడాలు పంచింది.

బడి ముందు పోస్టు మాత్రం ఖాళీ అయింది. లారీలు మళ్లీ జోరందుకున్నాయి. ఆడపిల్లలు రోడ్డు పక్కన చాలాసేపు నిలబడాల్సి వస్తోంది. అందుకని మున్సిపాలిటీ ఆలస్యం చేయకుండా అక్కడే ఇంటర్వ్యూలు పెట్టింది. తెల్లారేసరికి వరుస బడి గేటు దాటి సినిమా హాలు దాకా పెరిగింది. అందులో ఎంబీఏ చదివిన తిరుమలేశ్ అనే కుర్రాడు, ఎవరూ చూడకుండా వంగి, రోడ్డుతో నెమ్మదిగా మాట్లాడాడు.

"అక్కా, నీకీ కొలువు ఎవలు చెప్తే వచ్చింది?"

తారు కింద నుంచి స్వరూప గొంతు స్పష్టంగానే వినిపించింది.

"ఎవ్వలు చెప్పలే తమ్మీ. మెరిట్ల వచ్చింది."

తిరుమలేశ్ నమ్మలేదు. పెద్ద కొలువు దొరికినవాళ్లెవరూ అసలు సంగతి చెప్పరనుకున్నాడు. వరుస కదలడంతో ఆమె మీద ఒక అడుగు ముందుకు వేశాడు.