గోడ మీది ఓనరు

యజమాని దుకాణంలో కూర్చుంటే పనివాళ్లు బాగుపడరు. ఇది ఇరవై రెండేళ్ల అనుభవంతో చెబుతున్న మాట. నమ్మనివాళ్లు నరసరావుపేట వచ్చి మా బట్టల షాపు చూసి వెళ్లండి!

నా పేరు యల్లమంద. చీరల కౌంటరు నాది. మా ఓనరు పాండురంగారావుగారు రెండేళ్ల కిందట విజయవాడలో ఇంకో షాపు తెరిచి, కాపురం అక్కడికి మార్చారు. వెళ్తూ వెళ్తూ ఇక్కడ నాలుగు కెమెరాలు, ఒక స్పీకరు, ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. అప్పటి నుంచి మా సుఖం ఏం చెప్పమంటారు!

ఆయన ఇక్కడున్నప్పుడు ఎన్ని అవస్థలు! వాన మొదలైతే గుమ్మం ముందు బొమ్మలకు కట్టిన చీరల్ని ఎవరూ చెప్పకుండానే లోపలికి లాగాలి. బేరం కుదరక అలిగి వెళ్లే మనిషిని మెట్ల దాకా పోయి, "రా పిన్నీ, కూర్చో" అని వెనక్కి తేవాలి. వీటన్నిటికీ బుర్ర కావాలి. చేతులకు జీతమిచ్చి బుర్రను కూడా వాడుకోవడం న్యాయమేనా?

ఇప్పుడా పీడ లేదు. ఏ పనికైనా గ్రూపులో మెసేజ్ పెడతాం. టిక్కులు నీలం అయ్యేదాకా ఆగుతాం. కిందటి శ్రావణంలో "సార్, వాన పడుతోంది, బొమ్మల్ని లోపలికి తేవచ్చా?" అని ఫొటోతో సహా పెట్టాను. జవాబు వచ్చేసరికి వాన వెలిసింది. చీరలు పిండుకున్నాం. తప్పు మాత్రం నాది కాదు! ఎంత హాయి!

కెమెరాకు ఎదురుగా ఒకే చీరను రోజుకు ముప్పైసార్లు మడతపెట్టే విద్య కూడా అబ్బింది. ఆయన మెచ్చుకుని బొటనవేలి బొమ్మ పంపుతారు.

మాలో ఒక్క పద్మజకే ఈ నాగరికత పట్టుబడలేదు. జాకెట్ గుడ్డల కౌంటరు ఆమెది. వచ్చినవాళ్లను చూసి నవ్వుతుంది, వాళ్ల పిల్లల చదువులు అడుగుతుంది. "పద్మజా, మాటలు తగ్గించు" అని స్పీకరు ఎన్నిసార్లు అరిచినా మార్పు లేదు.

ఈ మే నెలలో ఓ మిట్టమధ్యాహ్నం, రొంపిచర్ల నుంచి పున్నమ్మత్త వచ్చింది. కూతురి పెళ్లి చీరల నుంచి మనవరాలి ఓణీల దాకా నా దగ్గరే కొన్న మనిషి. బస్సు దిగి ఎండలో నడిచొచ్చి, నా కౌంటరు పక్కనే గోడ పట్టుకుని, అలాగే కూలిపోయింది.

నేనేం చేశాను? కెమెరా వంక చూశాను! కౌంటరు వదిలితే ఊరుకోనని ఆయన ముందు రోజే గ్రూపులో పెట్టారు మరి. ఫోను తీసి "సార్, కస్టమర్ పడిపోయింది, వెళ్లవచ్చా?" అని టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు!

పద్మజ పరుగెత్తుకొచ్చి పున్నమ్మత్త తల ఒళ్లో పెట్టుకుంది. కొత్త జాకెట్ గుడ్డ తడిపి ముఖం తుడిచింది. కౌంటరు చాటున ఉన్న మనిషి ఓనరుగారికి కనపడలేదు. కనపడింది నేల మీద చతికిలబడ్డ పద్మజే.

"పద్మజా! అక్కడ కూర్చున్నావేంటి? కౌంటరు దగ్గరికి పో!" అంది స్పీకరు.

"ఇక్కడ మనిషి పోయేట్టుంది సార్!" అని అరిచి, పద్మజ నా వైపు తిరిగింది. "ఏంది బాబాయ్ అట్టా చూస్తన్నావ్? ఆటోని పిలువు!"

పిలిచేవాణ్ణే. టిక్కులింకా నీలం కాలేదు.

చివరికి పద్మజే రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపింది. ఆ డ్రైవరూ ఆమే పున్నమ్మత్తను మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు సెలైన్లు ఎక్కించాక ఆమె కోలుకుంది.

సాయంత్రం గ్రూపులో ప్రకటన వచ్చింది. రేపటి నుంచి పద్మజ పనికి రానక్కరలేదు. "యల్లమంద కౌంటరు వదలలేదు. అందరూ ఆయన్ని చూసి నేర్చుకోవాలి." దానికి పది బొటనవేళ్లు పడ్డాయి. అందులో ఒకటి నాది.

పద్మజ ఇప్పుడు బజారు చివరి షాపులో చేస్తోంది. పాపం, అక్కడ ఓనరు పొద్దస్తమానం షాపులోనే ఉంటాడు!

పోయిన వారం పున్నమ్మత్త ఆ షాపు సంచీతో బజార్లో ఎదురైంది. తనే ఆగి పలకరించింది.

"బాగుండావా యల్లమందా? నేను పడిపోయిన రోజు నువ్వు సెలవులో ఉండి ఉంటావ్. నువ్వుంటే నన్నట్టా నేల మీద వదిలేస్తావా!"

"ఔనత్తా, ఆ రోజు సెలవే" అన్నాను.

ఈ రెండేళ్లలో ఎవరి పర్మిషనూ అడక్కుండా నేను చేసిన పని అదొక్కటే.