ఎనభై ఏడో పేజీ

"రిపోర్టులో ఏముందో ఈ పిల్ల మనకు చెప్పదు, చూస్తూ ఉండండి" అన్నాను మా ఆయనతో, అమ్మాయి ఆస్పత్రికి బయల్దేరి వీధి మలుపు తిరగకముందే.

అది అలా ఉంచండి. ప్రతి ఇంట్లోనూ ఒక రాజనీతి తత్వవేత్త ఉండి తీరాలని నా అభిప్రాయం. ఫ్రిజ్ లేకపోయినా సర్దుకోవచ్చు!

మా అమ్మాయి యూనివర్సిటీలో చేసేది ఆ పనే. జవాబుదారీతనం మీద నాలుగు వందల పేజీల పుస్తకం రాసింది. నా చదువు పదో తరగతితో ఆగింది. అయినా కళ్లజోడు తుడుచుకుని ఓపికగా చదివాను. నాకర్థమైంది ఇదీ: ఎవరి నిర్ణయంతో మన బతుకు తలకిందులవుతుందో, వాళ్లను అడిగే హక్కు మనకుంది. అడిగితే జవాబు చెప్పాలి. "చూద్దాం" అంటే కుదరదు. నోరు మెదపకపోవడం కూడా పెత్తనమేనట. ఎనభై ఏడో పేజీ.

ఇలాంటి పిల్ల ఇంట్లో ఉంటే తల్లికి దిగులేముంటుంది?

మామూలు పిల్లలు "తిన్నావా?" అంటే "తిన్నా" అనేసి ఊరుకుంటారు. మా అమ్మాయి "ఆ ప్రశ్న వెనక నీ ఊహ ఏమిటమ్మా?" అంటుంది. నేను ఊహ వెతుక్కునేసరికి కూర చల్లారిపోతుంది. నా మెదడుకు ఎంత వ్యాయామం! ఒకసారి "ఎక్కడికే?" అన్నందుకు ప్రభుత్వాలు జనం మీద పెట్టే నిఘా గురించి అరగంట చెప్పింది. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. పిల్ల ఇంటిపట్టునే ఉంది. లాభం కాదూ?

"మరి మన ఇంట్లో జవాబు చెప్పాల్సింది ఎవరే?" అని కూడా అడిగాను.

"అధికారం ఎవరిదైతే వాళ్లు. అంటే నువ్వే. నాన్న ఏ చొక్కా వేసుకోవాలో కూడా నువ్వే కదా చెప్తావు."

కూర్చున్నచోటే ప్రభుత్వాన్నైపోయాను. ఇన్ని ప్రభుత్వాలను నిలదీసిన పిల్ల, తన మెడ మీద గడ్డ కనిపించిన మూడు వారాలకు గానీ ఈ ప్రభుత్వానికి కబురు చెప్పలేదు. నేను కంగారుపడతానట. నేను ఊరికే కంగారుపడే మనిషిని కాదు. కారణం వెతుక్కుని మరీ పడతాను.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి తిరిగొచ్చింది. రిపోర్టు కవరు బ్యాగులోకి తోసి కూర్చుంది.

"డాక్టరు ఏమన్నాడే?"

"చూద్దాంలే అమ్మా."

అలమరలోంచి అమ్మాయి పుస్తకమే తెచ్చి, ఎనభై ఏడో పేజీ తెరిచి ముందు పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. అమ్మాయి టీ మీద మీగడ కట్టింది. మా ఆయన పేపరు తిప్పడం ఆపేశారు. అమ్మాయి తను రాసిన పేజీనే, ఎవరో రాసినట్టు, చాలాసేపు చూసింది.

చివరికి కళ్లజోడు తీసింది.

"గురువారం ఇంకో పరీక్ష చేయాలన్నారమ్మా. నాకు భయంగా ఉంది. నువ్వు కూడా రా."