కొవ్వొత్తుల వ్యాపారం వ్యాపించిన విధం

ఆ రోజు వ్యవస్థాపకుడి కార్యక్రమం చాలా సాదాసీదాగా ఉంది. పొద్దున టీ తాగడం, మైనం కరిగించడం, సంపెంగ వాసన కొవ్వొత్తులు పోయడం. సాయంత్రం చిరువ్యాపారుల సంఘం హాల్లో వాటిని వెలిగించి, 'కొవ్వొత్తుల వ్యాపారం నాకు నేర్పిన పాఠాలు' అనే అంశం మీద ఉపన్యసించడం. అప్పటికి ఆయన ఒక్క కొవ్వొత్తి కూడా అమ్మలేదు. అయినా పాఠాలకేం లోటు లేదు. లోకంలో అందరికీ వ్యాపారం చేశాక పాఠాలొస్తాయి. ఈయనకు పాఠాలు ముందే వచ్చేశాయి, వ్యాపారమే ఇంకా రావాలి.

ఉద్యోగం మానేసిన మర్నాడే ఆయన బంగారు రంగు అక్షరాలతో 'వ్యవస్థాపకుడు' అని కార్డులు అచ్చు వేయించుకున్నాడు. వ్యవస్థ అంటే వంటగదిలో ఒక మూల. సిబ్బంది అంటే బావమరిది. ఆ మాటలో ఇబ్బంది ఎంత ఉందో అంతా అతనే. కార్డు చూసి భార్య, "అవస్థాపకుడు అని వేయించాల్సింది. అవస్థంతా నాది కాబట్టి నా పేరు కూడా పక్కన వేయిస్తే బాగుండేది" అంది.

ఆ ఉదయం ఆవిడ గరిటె పట్టుకుని తేల్చి చెప్పేసింది. "చూడండీ, ఈ సాయంత్రం ఒక్క ఆర్డరైనా రాకపోతే రేపు పొద్దున్నే వెళ్ళి పాత మేనేజరు కాళ్ళు పట్టుకోండి. నా వంటగది నాకు వదిలిపెట్టండి. మొన్న కూరలో వత్తి వచ్చింది."

"వత్తులు చేసుకునేవాడి మీద ఇంత ఒత్తిడి పెట్టకూడదే" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఉద్యోగం మానేసిన రోజున ఆఫీసంతా వింటుండగా ఆ మేనేజరుతో, "మీ దగ్గర పనిచేసే కన్నా కొవ్వొత్తులు చేసుకోవడం నయం" అని వచ్చాడు. ఇప్పుడా కాళ్ళు పట్టుకోవాలంటే ముందు తన తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియాలి.

నీళ్ళు మరుగుతున్న పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టి మైనం కరిగించాడు. డబ్బా మీద రాసినట్టే సంపెంగ నూనె రెండు మూతలు పోసి, వంగి వాసన చూశాడు. ఏమీ రాలేదు. మరో రెండు మూతలు పోశాడు. ఊహూఁ.

రాదు. పగలూ రాత్రీ ఒకే వాసనలో నానిన ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్ళు మధ్యమధ్య బయటికెళ్ళి గాలి పీల్చుకుని వస్తారు. ఈ వ్యాపారంలో మొట్టమొదటి పాఠం ఇదే. మన వ్యవస్థాపకుడి పాఠాల్లో అది తప్ప 'కలలు కనండి' దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి.

"ఏమే, ఇలా వచ్చి కాస్త వాసన చూడు" అని భార్యను పిలిచాడు. ఆవిడా నెల్లాళ్ళుగా ఆ ఇంట్లోనే ఊపిరి పీలుస్తోంది.

"వేడినీళ్ళ వాసన వస్తోంది" అందావిడ.

బావమరిది గిన్నెలోకి దాదాపు దిగి చూశాడు. "సంపెంగా లేదు, గింపెంగా లేదు బావా. ఆ నూనె కొట్టువాడు నిన్ను ముంచేశాడు."

వ్యవస్థాపకుడికి కోపం ముక్కు మీదికి వచ్చింది. అక్కడ వేరే పనేమీ జరగడం లేదు కనుక చోటు ఖాళీగానే ఉంది. వెంటనే కొట్టుకు ఫోన్ చేశాడు. "నీళ్ళు కలిపి అమ్ముతావా? ముక్కు పిండి వసూలు చేస్తాను!"

"పిండండి సార్" అన్నాడు కొట్టువాడు చల్లగా. "వాసన చాలకపోతే ఇంకో నాలుగు డబ్బాలు పంపిస్తున్నా. చాలేదాకా పోసుకోండి." తన సరుకు చాలని ఏ కొట్టువాడూ చెప్పడు.

నాలుగు డబ్బాలూ వచ్చాయి. నాలుగూ మైనంలోకి పోయాయి. కొవ్వొత్తిలో వత్తి సంగతి వదిలేసి కొవ్వు పెంచడమంటే ఇదే.

సాయంత్రం కొవ్వొత్తుల పెట్టెలతో ముగ్గురూ టాక్సీ ఎక్కారు. కాసేపటికి డ్రైవరు తల కిటికీలోంచి బయటపెట్టి, "సార్, ఆ పెట్టెల్లో ఏముంది?" అన్నాడు గొంతు పూడుకుపోయి.

"నా కల."

డ్రైవరు కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. హాలు ముందు వాళ్ళను దించి, కిరాయి కూడా అడక్కుండా బండి దూకించుకుపోయాడు.

"కల అనగానే కరిగిపోయాడు బావా" అన్నాడు బావమరిది.

"మైనం కన్నా తొందరగా" అన్నాడు వ్యవస్థాపకుడు గర్వంగా.

హాలు రెండో అంతస్తులో ఉంది. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించేశారు. బల్లబల్లకీ కొవ్వొత్తి పెట్టి, అన్నీ ఒక్కసారే వెలిగించి, లైట్లు ఆర్పి, తలుపులు మూశారు. వ్యవస్థాపకుడు మైకు అందుకున్నాడు.

"మొదటి పాఠం. కలలు కనండి!"

ముందు వరుసలో ఇద్దరు రుమాళ్ళు తీశారు.

"రెండో పాఠం. కొవ్వొత్తి తాను కరిగిపోతూ మనకు వెలుగునిస్తుంది!"

వెక్కిళ్ళు మొదలయ్యాయి. ఏడుపు నాలుగో పాఠం దగ్గర వస్తుందని ఆయన అంచనా. ఇంత ముందే వచ్చేసరికి గొంతు పెంచాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకరు బయటికి పరిగెత్తారు. వెనకాలే పదిమంది.

"ఆర్డర్లకి బయట లైను కడుతున్నారు బావా!" అని బావమరిది చెవిలో ఊదాడు.

సంఘం అధ్యక్షురాలు కొంగు ముక్కుకు అదుముకుని వేదిక దాకా పాకింది. "ఆపండి బాబూ... ఆపండి..."

"మీరలా ఏడవకండి మేడం. ముందు ముందు ఇంకా మంచి పాఠాలున్నాయి."

ఆవిడ కూడా వెళ్ళిపోయింది. వ్యాపారం సంగతేమో గానీ వాసన మాత్రం బ్రహ్మాండంగా వ్యాపించింది. మెట్లమీదుగా దిగి కింది అంతస్తుల్లోకి దూరింది. ఎవరో గ్యాస్ లీకని అరిచారు. ఎవరో ప్రమాదం గంట నొక్కారు. గంట మోగగానే వ్యవస్థాపకుడు, "టైమైపోయిందా? ఒక్క ఐదు నిమిషాలు!" అని బతిమాలాడు, భార్యా బావమరిదీ తప్ప ఎవరూ లేని హాలును. ఆ ముగ్గురూ మాత్రం హాయిగా ఉన్నారు.

ఇంతలో ముసుగులు తొడుక్కున్న ఫైరింజను వాళ్ళు తలుపు తోసుకుని వచ్చి, ఆయన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. కింద రోడ్డు మీద దించేదాకా అది సన్మానమనే అనుకున్నాడాయన.

భవనమంతా రోడ్డు మీదే ఉంది. నోట్లో దూది కుక్కిన రోగి, అతని వెనక పట్టకారుతో పంటి డాక్టరు, ఎర్రబడ్డ కళ్ళతో సంఘ సభ్యులు.

"కొవ్వొత్తి కాదు కదా, మీ దగ్గర అగ్గిపుల్ల కూడా కొనం!" అని అధ్యక్షురాలు తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ప్రకటించింది.

భార్య ఆయన్ను ఎగాదిగా చూసింది. "రేపు వదులు ప్యాంటు తీసిపెడతాను. కాళ్ళు పట్టుకోవాలంటే బాగా వంగాలి."

అప్పుడే జనాన్ని తోసుకుంటూ తాళాల గుత్తి ఊపుకుంటూ భవనం యజమాని వచ్చాడు. "ఎవడయ్యా ఈ పని చేసింది?"

బావమరిది వెంటనే బావను చూపించి, తాను ఎవరో దారినపోయేవాడిలా ఆకాశంలోకి చూశాడు.

"నువ్వేనా నాయనా!" యజమాని వ్యవస్థాపకుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అటు చూడు. పుస్తకాల కట్టమీద కూర్చున్నాడే ప్లీడరు, నా కింది అంతస్తులో ఉంటాడు. ఏళ్ళ తరబడి ఖాళీ చేయమంటుంటే కోర్టుకు లాగుతున్నాడు. పెద్దమనుషుల్ని పంపాను, కదల్లేదు. నీళ్ళు ఆపాను, కదల్లేదు. ఇవాళ తనంతట తనే దిగొచ్చాడు!"

"చచ్చినా మళ్ళీ లోపలికి వెళ్ళను" అన్నాడు ప్లీడరు, తాళంచెవి విసిరేసి.

"నాకింకా మూడు భవనాలున్నాయి. నీ దగ్గర ఎన్ని కొవ్వొత్తులుంటే అన్నీ నావే" అన్నాడు యజమాని.

వ్యవస్థాపకుడిలో కళాకారుడు చివరిసారిగా కదిలాడు. "అయ్యా, ఇవి ప్రశాంతత కోసం చేసినవి..."

"నాక్కావాల్సిందీ అదే!"

మర్నాడు పొద్దున్న మేనేజరు కాళ్ళు మేనేజరు దగ్గరే క్షేమంగా ఉన్నాయి. ఇప్పుడు ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి బేరమాడకుండా కొనుక్కుపోతున్నారు. ఉపన్యాసాల్లో 'కొనేవాడి అవసరం కనిపెట్టండి' అనే పాఠం కొత్తగా చేరింది. నూనె ఇప్పుడు భార్యే స్వయంగా డబ్బాలకు డబ్బాలు దగ్గరుండి పోయిస్తోంది. మొన్న వాళ్ళుంటున్న అద్దె ఇంటి యజమాని కూడా వచ్చి, చిరునవ్వుతో ఒక డజను కొనుక్కెళ్ళాడు.

ఆ డజను ఎవరి కోసమో వ్యవస్థాపకుడు ఇంకా వాసన పట్టలేదు.